సంతకం తర్వాత మూడు రోజులు

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనేవాళ్లలో జాగ్రత్తపరులు లింకు డాక్యుమెంట్లు, ఈసీ పట్టుకుని ముందు లాయర్ దగ్గరికి వెళ్తారు. లీగల్ ఒపీనియన్ వచ్చాకే అగ్రిమెంటు. అమెరికాలోని న్యూజెర్సీలో ఈ వరస తలకిందులు. ఏజెంటు నింపిన ఫారం మీద ముందు సంతకాలు పడతాయి, లాయర్ రంగంలోకి దిగేది ఆ తర్వాతే. అక్కడి ఎడిసన్‌లో మొదటి ఇల్లు కొనే తెలుగు జంటకు ఇదొక పట్టాన మింగుడుపడదు.

దీని వెనక ఒక తగాదా ఉంది. ఏజెంట్లు కాంట్రాక్టులు రాయడమంటే లైసెన్సు లేని వకీలు పనేనని అక్కడి లాయర్ల సంఘం వాదించింది. 1983లో రాష్ట్ర సుప్రీంకోర్టు రాజీకి ఆమోదముద్ర వేసింది. ఏజెంట్లు రాయొచ్చు, కానీ అందులో మూడు పనిదినాల ‘అటార్నీ రివ్యూ’ షరతు ఉండి తీరాలి. శని, ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు.

గడువులోగా లాయర్లెవరూ కాదనకపోతే కాంట్రాక్టు ఉన్నదున్నట్టు ఖాయమైపోతుంది. అందుకే మంచి లాయర్ పని తరచూ ‘ఈ రూపంలో ఒప్పుకోం’ అనే ఉత్తరంతోనే మొదలవుతుంది. వెంటే సవరణలు: ఇన్‌స్పెక్షన్‌లో లోపాలు బయటపడితే ఏంచేయాలి, లోను రాకపోతే డిపాజిట్ సంగతేమిటి? ఇవి తేలేదాకా ఎవరైనా తప్పుకోవచ్చు. అమ్మేవాళ్లు కూడా! ఇల్లు కొనేశామని ఊళ్లో అమ్మానాన్నలకు ఫోన్ చేసి చెప్పేసినవాళ్లకు గుచ్చుకునేది ఇక్కడే.

పక్కనున్న న్యూయార్క్‌లో ఈ షరతు లోతు ఎంతో ఒక కేసు తేల్చింది. 1995లో బఫెలో దగ్గరి క్లారెన్స్‌లో ఓ జంట 5,05,000 డాలర్ల ఇంటికి సంతకం చేసి, మనసు మార్చుకుని, తమ లాయర్‌తో కాదనిపించింది. ఆ ఇల్లు 1998లో 3,85,000 డాలర్లకే పోయింది. నష్టపోయిన యజమానులు దావా వేసి కింది కోర్టుల్లో నెగ్గారు. 2008లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది. కాంట్రాక్టులో వేరే పరిమితి రాసుకోనప్పుడు లాయర్ ఎందుకు కాదన్నాడో ఆరా తీయక్కర్లేదంది. తీస్తే క్లయింటు లాయర్‌తో చెప్పుకున్న రహస్యాలూ బజారున పడతాయి మరి.

కాదనడానికి కారణం అక్కర్లేదు సరే, కాదన్న కబురు ఎలా పంపాలి? న్యూజెర్సీ ఫారంలో సర్టిఫైడ్ మెయిల్, టెలిగ్రామ్, లేదా చేతికివ్వడం అని ఉండేది. వెస్టర్న్ యూనియన్ టెలిగ్రామ్‌లను 2006లోనే ఆపేసింది, ఫారంలో మాట మాత్రం మిగిలిపోయింది. ఒక కేసులో అమ్మేవారి లాయర్ ఈమెయిల్, ఫ్యాక్స్‌లతో సరిపెట్టారు. అది చెల్లదు, ఇల్లు మాదేనన్నారు కొనేవాళ్లు. గడువులోపే కబురు అందింది కదా అని 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు అమ్మేవారి పక్షానే నిలిచింది. ఇకపై ఫ్యాక్స్, ఈమెయిల్ కూడా చెల్లుతాయని తేల్చింది.