ఈగ తయారీ, ఇద్దరు పొరుగువాళ్లు

తెల్లాపూర్‌లో మా ఫ్లాట్ పదమూడో అంతస్తులో ఉంది. అయినా అరటిపండ్లు మగ్గితే చాలు, ఎక్కణ్ణుంచి వస్తాయో, ఆవగింజంత ఈగలు ముసిరేస్తాయి. ఆ ఈగ మీద పీటర్ లారెన్స్ రాసిన పుస్తకం 'ది మేకింగ్ ఆఫ్ ఎ ఫ్లై' (1992). మా ఆఫీసులో దీని పేరు చాలామందికి తెలుసు, లోపలేముందో మాత్రం తెలీదు. 2011లో అమెజాన్‌లో దీని ధర 2 కోట్ల 36 లక్షల డాలర్లు దాటింది మరి. ఇద్దరు అమ్మకందార్ల ప్రోగ్రాములు ఒకదాని ధర చూసి ఇంకోటి తన ధర మార్చుకుంటూ పోయాయి. ఆపేవాళ్లు లేరు.

తమాషా ఏంటంటే, పుస్తకం లోపలా అలాంటి పొరుగువాళ్లే ఉన్నారు. ఈగ పిండంలో ఒక వరస కణాలు 'వింగ్‌లెస్' అనే సంకేతం పంపిస్తాయి. పక్క వరస దాన్ని అందుకుని 'హెడ్జ్‌హాగ్' తిప్పి పంపిస్తుంది. ఒకరి మాట వల్లే ఇంకొకరి మాట నిలబడుతుంది. కానీ ఇక్కడ ధరలాగా పేలిపోదు. అంతకుముందే చారలు గీసిన జన్యువులు ఆ సంభాషణకి హద్దు పెట్టేశాయి. చివరికి శరీరంలో ఒక సరిహద్దు గీత మిగులుతుంది.

అందుకే ఈ పుస్తకం ఉపశీర్షికలో 'డిజైన్' అన్న మాట నాకు నచ్చలేదు. జన్యువంటే కోడ్ అనుకునే మా కారిడార్ జనానికి ఆ మాట మరీ ప్రమాదం. లారెన్స్ చూపించేది గీసిపెట్టిన ప్లాను కాదు. తల్లి గుడ్డు ముందుకొసన పెట్టిన 'బైకాయిడ్' సందేశంనుంచి ప్రోటీన్ తయారై, తోకవైపు పోయేకొద్దీ పల్చబడుతుంది. తన దగ్గర ఎంత చిక్కగా ఉందో దాన్నిబట్టి తానెక్కడున్నానో కణం తెలుసుకుంటుంది. దీన్ని కోడ్ అనడం కంటే కబురు అనడం నయం.

పేర్ల సంగతి ఇంకా బాగుంటుంది. వింగ్‌లెస్‌ని 1973లో ప్రకటించింది ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థకి చెందిన ఆర్.పి. శర్మ. ఆయన ఈగల్లో కొన్నింటికి రెండు రెక్కలూ లేవు, కొన్నింటికి ఒకటే ఉంది. లోపాన్ని చూసి పెట్టిన పేరది. జన్యువుని పూర్తిగా తీసేస్తే కథ రెక్కల దాకా రాదు, పిండమే చచ్చిపోతుంది. ఒక మాట కొట్టేస్తే గానీ పద్యంలో అదేం మోస్తోందో తెలియదు కదా, అలాగన్నమాట. ఎలుకల్లో రొమ్ము కణుతుల దగ్గర దొరికిన జన్యువు దీనికి చుట్టమేనని 1987లో తేలింది.

1992 పుస్తకం కాబట్టి ఆ తర్వాతి కథ ఇందులో ఉండదు. అది కొంత మన ఊళ్లోనే జరిగింది. ఈగకి వెనక రెక్కల బదులు రెండు బుడిపెలుంటాయి, ఎగిరేటప్పుడు తూలకుండా చూస్తాయి. 'అల్ట్రాబైథొరాక్స్' సరిగ్గా పనిచేయకపోతే అవి రెక్కలైపోతాయి. నాలుగు రెక్కల ఈగని ఎడ్వర్డ్ లూయిస్ చూపించాడు, 1995 నోబెల్‌లో ఆయనకీ వాటా ఉంది. అయితే బుడిపెని బుడిపెగా ఉంచడానికి ఆ జన్యువు ఏం ఆపుతోంది? 1990ల చివర్లో హబ్సిగూడ సీసీఎంబీలో ఎల్.ఎస్. శశిధర బృందం దీన్ని తవ్వింది. ఆపేవాటిలో ఒకటి వింగ్‌లెస్ సంకేతమే.

దీని మీద తెలుగులో ఒక్క మంచి వ్యాసం కూడా నాకు తారసపడలేదు. ఊరికి ఆ చివర జరిగిన పనిని ఈ చివర కూచుని ఇంగ్లీషులో చదువుకున్నాను, పండ్ల బుట్ట మీద ఈగల్ని తోలుకుంటూ.