కాశిలో దొరకని భిక్ష: శ్రీనాథుని రచనల్లో నగరనిరాశ

1. ప్రవేశిక

కాశీపట్టణానికి అధిదేవత అన్నపూర్ణ. ఆ ఊళ్లో ఎవరూ పస్తుండరన్నది ఆ నగరానికి తరతరాలుగా ఉన్న పేరు. అటువంటి చోట వేదాలను విభజించిన వ్యాసుడు శిష్యులతో కలిసి పట్టపగటి ఎండలో ఇల్లిల్లూ తిరిగి, ఖాళీ పాత్రతో నడివీధిలో నిలబడిన వృత్తాంతాన్ని శ్రీనాథుడు రెండు కావ్యాల్లో చెప్పాడు. బెండపూడి అన్నయమంత్రికి అంకితమిచ్చిన భీమఖండం ద్వితీయాశ్వాసంలో ఒకసారి, రాజమహేంద్రవర ప్రభువు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండం సప్తమాశ్వాసంలో మరొకసారి. రెండింటికీ మూలం స్కాందపురాణమే. అయినా ఒక కవి ఒకే ఆకలికథను రెండుసార్లు చెప్పడం యాదృచ్ఛికమనుకోవడం కష్టం.

ఈ ఘట్టాన్ని ప్రధానంగా కోపనిగ్రహాన్ని బోధించే కథగా చదవడం అలవాటయింది. ఆ పఠనంలో కాశి ఒక నేపథ్యం మాత్రమే. అదే కథ ఏ ఊళ్లో జరిగినా నీతి మారదు. కాని శ్రీనాథుని పద్యాలలో ఊరు నేపథ్యం కాదు, ప్రతివాది. గొప్ప పేరున్న నగరానికి బయటినుంచి వచ్చినవాడు ఆ పేరును నమ్మి మోసపోతే, ఆ నగరం మీద అతడికి ఏ హక్కు ఉంటుంది? కథ నడిచేది ఈ ప్రశ్న మీద.

2. పేరు, వీధి

నిరాశకు ముందు ఆశ ఉండాలి. శ్రీనాథుడు ఆ ఆశను శ్రద్ధగా కడతాడు. కాశీ గృహిణులు భిక్ష పెట్టే తీరును ఒక సీసపద్యంలో వర్ణిస్తాడు: ముంగిట గోమయంతో అలికి, ముగ్గు పెట్టి, అతిథిని పూలతోనూ గంధంతోనూ పూజించి, అన్నం మీద నెయ్యి వేసి, పరమభక్తితో సమర్పించే పుణ్యాంగనలు వారు. ఇది వ్యాసుడు ఆనాడు చూసిన దృశ్యం కాదు. కాశి ఎలా ఉంటుందని లోకం చెప్పుకుంటుందో ఆ చిత్రం. నేటి మాటల్లో చెప్పాలంటే, ప్రయాణానికి ముందు యాత్రికుడి మనసులో అచ్చయిన నగరం.

ఆ తరువాత వీధి వస్తుంది. ఒక ఇల్లాలు ఇంకా వంట కాలేదంటుంది. మరొకామె మళ్లీ రమ్మంటుంది. ఒక ఇంట్లో దేవకార్యం. ఒకచోట తలుపే తెరుచుకోదు. ఇవన్నీ విశ్వనాథుని మాయవల్ల జరిగాయని కవి చెబుతూనే, ఆ మాయకు తొడిగిన రూపం మాత్రం అచ్చంగా లౌకికం. పిడుగులు పడలేదు, అశరీరవాణి పలకలేదు. ఏ ఊళ్లోనైనా, ఏ మధ్యాహ్నమైనా గుమ్మం దగ్గర వినిపించే సాకులే వ్యాసుడికీ వినిపించాయి. ఇక్కడే శ్రీనాథుని లోకజ్ఞత కనిపిస్తుంది. మహానగరం బయటివాడిని అవమానించి పంపదు. తన పనిలో తానుంటుంది. వ్యాసుడిని కుంగదీసింది శత్రుత్వం కాదు, ఆ ఊరు అతి మామూలుగా ఉండటం. విద్వాంసుల దృష్టి సాధారణంగా ముంగిలి పద్యపు శోభ దగ్గర ఆగిపోతుంది గాని, దాని పని పక్కనున్న పద్యాలతో కలిపి చదివినప్పుడే తెలుస్తుంది.

3. శాపంలోని తర్కం

వ్యాసుడు భిక్షాపాత్రను పగలగొట్టి, శాపానికి సిద్ధపడతాడు. కాశిలోని జనులకు మూడు తరాలపాటు ధనం లేకుండుగాక, విద్య లేకుండుగాక, మోక్షం లేకుండుగాక అన్నది ఆ శాపం. దీన్ని కేవలం ఆవేశపు మాటగా కొట్టివేయడానికి వీల్లేదు. ఆకలిగొన్నవాడు అన్నం పెట్టనివారికి ఆకలినే శపించాలి. వ్యాసుడు అన్నం ఊసే ఎత్తలేదు. వ్యాపారపట్టణంగా కాశికి ధనం, విద్యాపీఠంగా శాస్త్రం, ముక్తిక్షేత్రంగా మోక్షం — ఆ ఊరికి పేరు తెచ్చిన మూడింటినీ ఎంచుకున్నాడు. తనను రప్పించిన కీర్తి మీదనే దెబ్బ వేశాడు. నిరాశపడిన యాత్రికుడికి కోపం వచ్చేది నగరం మీద కన్నా నగరం పేరు మీద.

ఇందులో అన్యాయమూ ఉంది. తలుపు తీయని ఇల్లు ఒకటైతే శిక్ష ఊరంతటికీ, ఇంకా పుట్టని మనుమలకీ. నాలుగు వీధులు తిరిగి ఒక నగరం మొత్తానికి తీర్పు చెప్పే అలవాటు పురాణపురుషుడికి కూడా తప్పలేదు.

4. పెద్ద ముత్తైదువ మాట

శాపం నోటిదాకా వచ్చిన క్షణంలో ఒక ఇంటి వాకిట పెద్ద ముత్తైదువ రూపంలో పార్వతి కనిపించి, నగలు ఘల్లుమనగా చేసైగతో మునిని పిలుస్తుంది. ఆమె మందలింపును పాఠకులు శాంతగుణ ప్రబోధంగా గుర్తుంచుకున్నారు. నివ్వరి ధాన్యంతోనూ, కందమూలాలతోనూ, ఏరుకున్న గింజలతోనూ బతికే తపస్వులు నీకన్న తక్కువవారా అని ఆమె అడిగిన మాట నిజమే. అయితే ఆమె వాదంలో అంతకన్న బలమైన అంశం వేరే ఉంది. ఉన్న ఊరు కన్నతల్లితో సమానమన్న నానుడిని ఆమె గుర్తుచేస్తుంది. అందునా ఈ కాశి విశ్వేశ్వరుని ఇల్లాలు.

ఈ వాదం వ్యాసుడిని ఎక్కడ నిలబెడుతోందో గమనించాలి. ఉన్న ఊరు తల్లి కావాలంటే వ్యాసుడు ఆ ఊరివాడు కావాలి. ముత్తైదువ అతడిని అతిథిగా కాక, బిడ్డగా మందలించింది. అతిథికి ఫిర్యాదు ఉంటుంది. బిడ్డకు అలక ఉంటుంది. అతిథి ఫిర్యాదు పట్టించుకోకపోతే ఊరు మరోచోటు చూసుకోమంటుంది; బిడ్డ అలిగితే తల్లి అన్నం కలుపుతుంది. ఆమె చేసిందీ అదే. పదివేలమంది శిష్యులు తినకుండా తాను తిననన్న వ్యాసుడి వ్రతానికి ఆమె చిరునవ్వు నవ్వి, విశ్వనాథుని దయవల్ల ఎందరు అతిథులు వచ్చినా పెట్టగలనంటుంది.

5. మరొక నగరం, మరొక తల్లి

నగరాన్ని తల్లిగా పిలిచి అన్నం గురించి ఫిర్యాదు చేసిన సందర్భం శ్రీనాథుని పేర ఇంకొకటి ఉంది. విజయనగరంలో ప్రౌఢదేవరాయల దర్శనం కోసం ఎదురుచూసిన రోజులకు సంబంధించినదిగా ప్రసిద్ధమైన చాటువు అది. చాటువుల కర్తృత్వం ఎప్పుడూ రుజువుకు నిలిచేది కాదు. అయినా శ్రీనాథుని గురించి తెలుగు సమాజం ఏం ఊహించుకుందో చెప్పడానికి ఆ పద్యం చాలు. అందులో కవి కుళ్లాయి పెట్టాడు, పొడవాటి అంగీ తొడిగాడు, వెల్లుల్లితో నువ్వులపిండి తిన్నాడు, అంబలి తాగాడు, రుచిని తప్పుపట్టడం మానుకున్నాడు. అన్నీ చేసి, చివర కన్నడ రాజ్యలక్ష్మిని తల్లీ అని పిలిచి, దయ లేదా అని అడిగి, తన పేరు చెప్పుకున్నాడు.

వ్యాసుడు నగరం తన ఊహకు తగినట్లు లేదని కోపించాడు. చాటువులోని కవి నగరానికి తగినట్లు తానే మారాడు. అయినా తలుపు తెరుచుకోలేదు. కనుక ఈ రెండో నిరాశ లోతైనది. కన్నడదేశపు తిండి మీద తెలుగు కవి వేసిన ఎత్తిపొడుపును విమర్శకులు చాలామంది నవ్వుతూ ఆమోదించారు గాని, అంబలిలో తప్పేమీ లేదు. పద్యంలో నొప్పి ఉన్నది వంటలో కాదు, తన పేరు తానే చెప్పుకోవలసిరావడంలో.

అదే రాజు కాలంలో, 1443లో, తైమూరు వంశపు షారుఖ్ దూతగా విజయనగరానికి వచ్చిన అబ్దుర్ రజాక్ ఆ పట్టణం వంటిది కన్ను చూడలేదు, చెవి వినలేదు అన్నంతగా మెచ్చుకున్నాడు. ఏడు ప్రాకారాలను లెక్కపెట్టాడు, బజార్లను వర్ణించాడు. అతడికి రాజుగారి నుంచి రోజువారీ భోజనసామగ్రి అందేది. ఒక నగరం గురించిన ప్రశంసనూ నిందనూ చదివేటప్పుడు, రాసినవాడికి ఆ పూట అన్నం ఎవరు పెట్టారో ముందు చూసుకోవడం మంచి పద్ధతి.

తెలుగు యాత్రారచనకు ఆదిగా చెప్పుకునే కాశీయాత్ర చరిత్ర ఈ విషయంలో భిన్నమైనది. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్య సుప్రీంకోర్టు ఉద్యోగి. పరివారంతో, సరంజామాతో వెళ్లినవాడు. ఏ మజిలీలో నీళ్లున్నాయి, అంగళ్లలో ఏం దొరుకుతుంది, దారి ఎలా ఉంది అని రాసుకుంటూ పోయాడు. తన తిండి తాను చూసుకోగలవాడు నగరాన్ని తల్లి అని పిలవవలసిన అవసరం లేదు. శపించవలసిన అవసరమూ ఉండదు.

6. భోజనం తరువాత

పదోతరగతి తెలుగు వాచకాల్లో 'భిక్ష' పేరుతో చేరిన పాఠం వ్యాసుడు శిష్యులతో భోజనశాలకు చేరడంతో ముగుస్తుంది. వయసుకు తగిన పాఠానికి అది మంచి ముగింపే. కాని తెలుగు రాష్ట్రాలలో లక్షలమందికి ఈ కథ అంతవరకే తెలుసు. కోపం వల్ల కలిగే అనర్థాలను వివరించమనే ప్రశ్నతో అది ముగిసిపోతుంది. తప్పంతా ఆకలిగొన్నవాడి మనసులోనే ఉందన్నమాట. 1980లలో పారిస్ నగరాన్ని చూసి నిరాశతో మనోవ్యాధికి గురైన జపాన్ యాత్రికుల స్థితికి మనోవైద్యుడు హిరోఆకి ఓటా పారిస్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. అక్కడ కూడా చికిత్స యాత్రికుడికే, పారిస్‌కు కాదు. వైద్యుడికి అది ధర్మం. విమర్శకుడికి కాదు.

కావ్యంలో కథ ఇంకా ఉంది. విస్తర్లు ఎత్తాక శివుడు కోపంతో ప్రత్యక్షమై, కాశిని శపించబోయినవాడికి కాశిలో చోటు లేదని వ్యాసుడిని వెళ్లగొడతాడు. పార్వతి బిడ్డను చేసి అన్నం పెట్టింది. శివుడు మళ్లీ బయటివాడిని చేశాడు. ఈ రెండు తీర్పులూ ఒకే ఇంటి నుంచి, ఒకే పూట వచ్చాయి. కోపనిగ్రహ పాఠానికి ఈ వైరుధ్యం లొంగదు. అన్నం తిన్నాడు, శాంతించాడు, శాపం ఇవ్వనేలేదు. అయినా బహిష్కరణ తప్పలేదు. ఊరిమీద అలిగే హక్కు ఎవరికుందన్న ప్రశ్నకు కవి జవాబు చెప్పక, రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు.

భీమఖండంలో ఈ బహిష్కరణే కావ్యానికి దారి తీస్తుంది. కాశీవియోగంతో కుమిలిన వ్యాసుడు దక్షిణాపథానికి వస్తాడు. వింధ్యపర్వతం కారణంగా తానూ కాశిని వదులుకోవలసివచ్చిన అగస్త్యుడు అతడికి తోడవుతాడు. కాశి పోగొట్టుకున్న ఇద్దరు కలుసుకున్నచోట దక్షారామ మాహాత్మ్యం మొదలవుతుంది. కాశి మోక్షమే ఇస్తుంది. దక్షారామంలో భీమేశ్వరుడు భోగాన్నీ మోక్షాన్నీ ఇస్తాడు. కాశీవీధిలో ఒక పూట అన్నం దొరికి ఉంటే గోదావరీతీరపు ఆ క్షేత్రకావ్యానికి ఈ ఎత్తుగడ ఉండేది కాదు. ప్రాంతీయాభిమానం అన్న మాటతో ఈ అంశాన్ని తేల్చేయడం తొందరపాటు. దూరపు మహానగరం తలుపు వేసుకున్నప్పుడు సొంత ఊరి గుడి ఎత్తు పెరగడం ఇందులో కనిపిస్తుంది. అదే కవి తరువాత మళ్లీ కాశి గురించే ఒక పెద్ద కావ్యం రాసి, మళ్లీ ఆ వీధిలోనే వ్యాసుడిని నిలబెట్టాడు. దక్షారామం దొరికినంతమాత్రాన కాశి బెంగ తీరలేదన్నమాట.

కాశీప్రాంతపు సంప్రదాయంలో మాత్రం వ్యాసుడు దక్షిణాదికి రాలేదు. గంగ దాటి అవతలి ఒడ్డున, ఇప్పటి రామనగర్ వైపు, నివాసం ఏర్పరచుకున్నాడు. ఆ చోటును వ్యాసకాశి అంటారు; రామనగర్ కోటలో వ్యాసుడి గుడి ఉంది. ఆ ఒడ్డున చనిపోతే ముక్తి లేదని, గాడిదజన్మ వస్తుందని అక్కడివారి నమ్మకం. అక్కడ నిలబడితే ఏటికి ఆవల కాశీఘట్టాలు వరుసగా కనిపిస్తాయి.