టేబుల్ ముందు మూడు నిమిషాలు

జాబ్ మేళాలో ఒక్కొక్కరికి దొరికేది మూడు నాలుగు నిమిషాలు. 2025 అక్టోబర్‌లో హుజూర్‌నగర్‌లో సింగరేణి, రాష్ట్ర ప్రభుత్వ డిజిటల్ ఉపాధి వేదిక ‘డీట్’ కలిసి పెట్టిన మెగా జాబ్ మేళాకు వేలమంది వచ్చారు. అలాంటి రద్దీలో హెచ్ఆర్ వాళ్లు ఫైలు తిరగేసే వేగం చూస్తే భయం వేస్తుంది. ఆ కాస్త సమయంలో గుర్తుండిపోయేలా మాట్లాడటం పెద్ద పనితనం. ఆ చుట్టుపక్కల జరిగిన ఒక మేళాలో, మోతె మండలం నుంచి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి దగ్గర ఆ పనితనాన్ని దగ్గరగా చూశాను.

ముందు ఆమె తెచ్చిన కాగితం సంగతి. ఒకే పేజీ. నెట్ సెంటర్లో రెజ్యూమె చేయించుకుంటే చాలాచోట్ల పాత ఫైల్లో పేరు మార్చి ప్రింటు ఇస్తారు. అందుకే క్యూలో ఎవరి కాగితం చూసినా కెరీర్ ఆబ్జెక్టివ్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే, హాబీలూ అవే. ఈ అమ్మాయి ఆ రెండూ తీసేయించింది. ఖాళీ అయిన చోట ‘చేసిన పని’ అని శీర్షిక పెట్టి నాలుగు లైన్లు రాసుకుంది: ఊళ్లో ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రంలో రెండు సీజన్లు అమ్మకు సాయం, ట్యాబ్ ఎంట్రీ, ట్రక్ షీట్లు, రైతుల ఖాతా నంబర్లు సరిచూడటం. ఫోన్ నంబరు పైనే ఉంది. సిగ్నల్ అందకపోతే చేయడానికి పక్కనే నాన్న నంబరు.

వాళ్లమ్మ మహిళా సంఘంలో సభ్యురాలు. వానాకాలం, యాసంగి కోతలయ్యాక వడ్లు కొనే సెంటర్లను చాలా ఊళ్లలో ఈ సంఘాలే నడుపుతాయి. మన ఇళ్లలో ఇలాంటి పనిని పిల్లలు చేస్తే పనిగా లెక్కపెట్టం. రెజ్యూమెలో ‘ఫ్రెషర్’ అని రాసి ఊరుకుంటాం. ఈ అమ్మాయి లెక్కపెట్టింది. మిగతా అంతా అక్కడి నుంచే వచ్చింది.

ఆమె కూర్చున్న టేబుల్ దగ్గరి ఉద్యోగం హైదరాబాద్‌లో ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో. ‘మీ గురించి చెప్పండి’ అనగానే చాలామంది బట్టీపట్టిన పాఠం అందుకుంటారు: నాన్న పేరు, నాన్న వృత్తి, అన్నదమ్ములు, స్ట్రెంగ్త్, వీక్‌నెస్. ఈమె పేరు, ఊరు, చదువు రెండు ఇంగ్లిష్ వాక్యాల్లో నిదానంగా చెప్పి ఆగింది. “మేడమ్, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న. చేసిన పని గురించి తెలుగుల చెప్పొచ్చా?” అని అడిగింది. సరేనన్నారు. సెంటర్లో ఏం చేసేదానివమ్మా అంటే ఇలా చెప్పింది:

“కుప్ప కాడ తేమ చూస్తరు మేడమ్. 17 శాతం దాటొద్దు. అప్పుడే కాంటా. బస్తాకు 40 కిలోలు. కాంటా అయినంక రైతు పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా ట్యాబ్‌ల కొట్టాలె. ఖాతా నంబర్ల ఒక్క అంకె తప్పు పడ్డా ఆ రైతుకు పైసలు ఆగిపోతయ్. అందుకే కొట్టినంక నేను పైకి చదివేదాన్ని, అమ్మ పాస్‌బుక్ పట్టుకొని చూసేది.”

ఈ మాటల అమరిక చూడండి. ముందు నిబంధన, తర్వాత కొలత, ఆ తర్వాత తప్పు జరిగితే ఎవరికి నష్టం, చివరికి తప్పు జరగకుండా తాను చేసుకున్న ఏర్పాటు. బిల్లింగ్ కౌంటర్లో కావలసిందీ ఇదే. ‘హార్డ్ వర్కర్‌ని’ అన్న మాట ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు.

కోపంగా వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడతావని తర్వాతి ప్రశ్న. “మిల్లుల తరుగు తీసిండ్రని ఒక పెద్దాయన సెంటర్ కాడికొచ్చి లొల్లి పెట్టిండు మేడమ్. కుర్చీ ఏసి కూసోబెట్టి, ట్రక్ షీట్ తీసి మా కాడ ఎంత తూగిందో చూపిన. తరుగు మా చేతుల లేదు, పైసార్లకు రాసి పంపినం అని చెప్పిన. రెండ్రోజులకు ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పిన.” సమస్య తీరిపోయిందని ఆమె అనలేదు. తన చేతిలో ఉన్నదెంతో అంతే చెప్పింది. నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. కథను కాస్త సాగదీసి తనే గెలిచినట్టు చెప్పుకునే అవకాశం ఉండి కూడా వదులుకుంది. టేబుల్ అవతల రాసుకుంటున్న పెన్ను ఆగి, హెచ్ఆర్ మేడమ్ తలెత్తి చూసింది కూడా అప్పుడే.

ఇలా మాట్లాడటం ఊరికే రాలేదు. గ్రామీణ యువత కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2005లో మొదలైన ఉపాధి మిషన్ ఈజీఎంఎం దగ్గర నుంచి, 2014లో వచ్చిన రాష్ట్ర నైపుణ్య సంస్థ టాస్క్, కేంద్ర శిక్షణ పథకం డీడీయూ-జీకేవై దాకా ఇంటర్వ్యూ సాధన శిక్షణలో భాగంగా ఉంటూ వస్తోంది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనూ నైపుణ్య కేంద్రాలున్నాయి. మాక్ ఇంటర్వ్యూలో ‘నువ్వు నిజంగా ఏం చేశావో అది చెప్పు’ అని పిల్లల్ని పదేపదే ఆపి అడిగే లెక్చరర్లు ఎక్కడున్నా వాళ్లకు దండం పెట్టాలి.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు చాలామంది ‘నథింగ్ మేడమ్’ అని లేచిపోతారు. ఈమె మూడు అడిగింది. చేతికి ఎంత వస్తుంది, నైట్ షిఫ్ట్ ఉంటే హాస్టల్ దాకా దింపుతారా, చేరడానికి ఏమైనా కట్టాలా. మొదటిది చాలా అవసరమైన ప్రశ్న. నెలజీతం 21,000 రూపాయల లోపుంటే ఈఎస్‌ఐకి 0.75 శాతం, బేసిక్ మీద పీఎఫ్‌కు 12 శాతం పోతాయి. ఆ మిగిలినదాంట్లోనే హాస్టల్, తిండి, ఊరికొచ్చే బస్సు ఛార్జీ. స్టాల్ మీద పెద్దగా రాసే అంకెలో ఇవేవీ కనిపించవు. మూడోదీ అంతే ముఖ్యం, డబ్బు కట్టమనే కంపెనీకి దూరంగా ఉండాలి కాబట్టి.

హెచ్ఆర్ మేడమ్ కాగితం మీద లెక్క వేసి చూపించింది, కట్టేదేమీ లేదంది, రెండో రౌండు హైదరాబాద్‌లో అని చెప్పింది. ఏయే ఒరిజినల్స్ తేవాలో, అక్కడ ఎవరిని కలవాలో అడిగి రాసుకుని, అదే ఫైలుతో ఆ అమ్మాయి పక్క స్టాల్ క్యూలో నిలబడింది.