పేరులేని కరపత్రం, పేరున్న శాసనకర్త: గోదావరి సరిహద్దు రాజకీయ రచనపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పేరు లేకుండా వెలువడిన రాజకీయ రచనను తెలుగు సాహిత్యచరిత్ర చాలావరకు పక్కన పెట్టింది. దాన్ని స్వీకరించిన సందర్భాల్లో ఏదో ఒక నాయకుని పేరిట జమకట్టింది. 17, 18 శతాబ్దాల బ్రిటిష్ శాసనకర్తల అనామక కరపత్రాలను, ఖమ్మం-భద్రాచలం అటవీ సరిహద్దుతో సంబంధమున్న కమ్యూనిస్టు రాజకీయ రచనను పక్కపక్కన పెట్టి చూస్తూ, అనామకత్వానికి ఒకే అర్థం లేదని ఈ వ్యాసం నిరూపించదలచింది. పేరులేని పాఠం పట్ల పరిశోధకుడు పాటించవలసిన మర్యాదను కూడా చర్చించడమైంది.

కీలక పదాలు: కరపత్రం, అనామకత్వం, మారుపేరు, అజ్ఞాతవాసం, కర్తృత్వం, గోదావరి సరిహద్దు, కోయలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో సాహిత్యచరిత్ర రచన కవి జీవితాలతో మొదలైంది. గురజాడ శ్రీరామమూర్తి, కందుకూరి వీరేశలింగం వేసిన ఆ పునాదిలో కర్త పేరే మూలస్తంభం. కాలం, ఊరు, వంశం, కృతులు అన్నీ ఆ పేరు చుట్టూ అల్లుకున్నవే. కర్త తెలియని పాఠానికి ఈ చట్రంలో స్థానం దొరకదు. జానపద గేయానికి ‘జనం’ అనే సమష్టి కర్తను కల్పించి ఆ చిక్కును దాటగలిగాం. కరపత్రం విషయంలో అదీ చేయలేదు. ఎవరో ఒకరు కూర్చొని రాసినదే గనుక అది జానపదం కాదు, సంతకం లేదు గనుక కవిచరిత్రలోకీ రాదు. ఈ మధ్యస్థితి వల్లనే కరపత్రం ఉద్యమచరిత్రలకు ఆధారంగా మిగిలిందే గాని, విమర్శకు వస్తువు కాలేకపోయింది.

2. బ్రిటిష్ ఉదాహరణ - పదవిలో ఉండి పేరు దాచడం:

ఇంగ్లండులో 1695లో ముద్రణ అనుమతి చట్టం కాలం చెల్లింది. అచ్చుకు ముందస్తు అనుమతి అవసరం తప్పిందే గాని, అచ్చయిన తరువాత రాజద్రోహం, పరువునష్టం, సభాధిక్కారం కింద శిక్షించే వీలు మిగిలింది. చట్టసభ చర్చలను బయట ప్రచురించడంపైనా నిషేధం ఉండేది. ఈ పరిస్థితిలో సభ్యులు తాము సభలో అన్నదాన్ని, అనలేనిదాన్ని పేరులేని కరపత్రంగా జనం ముందు పెట్టేవారు. అంతకుముందే 1675లో, షాఫ్ట్స్‌బరీ ప్రభువు వర్గం నుంచి వచ్చిన ఒక అనామక ఉత్తరాన్ని ప్రభువుల సభ తలారి చేత తగలబెట్టించింది.

పేరు పెడితే ఏమవుతుందో 1714లో రిచర్డ్ స్టీల్ అనుభవంలో తెలిసింది. ‘ది క్రైసిస్’ అనే కరపత్రాన్ని స్వంతపేరుతో ప్రకటించినందుకు, ఆ ఏడాది మార్చిలో ఆయనను కామన్స్ సభ నుంచి వెలివేశారు. పేరు పెట్టకపోవడమూ రక్షణ కాదని 1763లో జాన్ విల్క్స్ ఉదంతం చెప్పింది. ఏప్రిల్ 23న వెలువడిన ‘నార్త్ బ్రిటన్’ 45వ సంచికలో రాజప్రసంగాన్ని విమర్శించిన వ్యాసానికి సంతకం లేదు. ప్రభుత్వం ఎవరి పేరూ లేని వారంటు జారీచేసి నలభైమందికి పైగా నిర్బంధించింది. పేరులేని రచనను పట్టుకోవడానికి రాజ్యం పేరులేని వారంటును ఆశ్రయించింది. తరువాత న్యాయస్థానాలు అటువంటి వారంట్లు చెల్లవన్నాయి.

1770లో ఎడ్మండ్ బర్క్ నాటి అసంతృప్తులకు కారణాలను విచారించిన ప్రసిద్ధ కరపత్రం కూడా పేరు లేకుండానే వచ్చింది. కాని రాసినదెవరో రాజకీయవర్గాల్లో అందరికీ తెలుసు. ఇక్కడ అనామకత్వం రహస్యం కాదు, ఒక మర్యాద. 1769-72 నడుమ ‘జూనియస్’ పేరిట వచ్చిన లేఖలు మాత్రం నిజంగా రహస్యమే. వాటిని ఫిలిప్ ఫ్రాన్సిస్‌కు ఆపాదించేవారు ఎక్కువ. ఆయన 1774లో కలకత్తాలో గవర్నర్ జనరల్ మండలి సభ్యుడై వచ్చి, 1784లో పార్లమెంటులో ప్రవేశించాడు. ఆయన మాత్రం ఆ కర్తృత్వాన్ని ఒప్పుకోలేదు.

ఈ ఉదాహరణలన్నింటిలో కర్త అధికారవలయం లోపలివాడే. అతడు పేరు దాచినది పదవిని నిలుపుకోవడానికి.

3. ఏటికి అటూ ఇటూ రెండు చట్టాలు:

మన సరిహద్దులో పరిస్థితి వేరు. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతం 1860 ఒప్పందంతో నిజాం చేతి నుంచి బ్రిటిష్ పాలనలోకి వెళ్లింది. 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిసింది. ఆవలి ఒడ్డున బూర్గంపాడు, పాల్వంచ, ఇల్లెందు, ఖమ్మం నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. ఒకే అడవి, ఒకే కోయ సమాజం, రెండు ప్రభుత్వాలు. బ్రిటిష్ ఇండియాలో 1867 చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీద ముద్రాపకుని పేరు, స్థలం ఉండాలి. రచయిత పేరు లేకపోయినా ప్రెస్సు పేరు ఉండి తీరాలి. నిజాం రాజ్యంలో సభ జరపడానికే గస్తీ నిషాన్ 53 కింద ముందస్తు అనుమతి కావాలి. నోరు విప్పడమే నేరమైన చోట, పొరుగు సీమలో అచ్చయిన కాగితం విలువ పెరగడం సహజం.

ఇదే అటవీశ్రేణిలో 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసిన అల్లూరి సీతారామరాజు, ఎత్తుకెళ్లిన ఆయుధాల వివరాన్ని సంతకంతో సహా రాసిపెట్టాడు. ఆ సంతకం తానే ప్రభుత్వమన్న ప్రకటన. సాయుధపోరాటకాలపు కరపత్రం దీనికి భిన్నమైనది. దాని కింద ఉండేది వ్యక్తి పేరు కాదు, సంఘం పేరు. 1934లోను, మళ్లీ 1945లోను ఖమ్మంలో సమావేశమైన ఆంధ్రమహాసభ ఆ దశాబ్దంలో అనుమతి అడిగే సంస్థ నుంచి ఆజ్ఞాపించే సంఘంగా మారింది. ఆ మార్పు కరపత్ర వాక్యంలోనూ కనిపిస్తుంది. వినతిపత్రంలో కర్త ‘మేము’, క్రియ ‘కోరుతున్నాము’. కరపత్రంలో కర్త ‘మీరు’, క్రియ విధ్యర్థకం. చదువురాని శ్రోతలకు ఒకరు చదివి వినిపించవలసినది గనుక వాక్యం పొట్టిది, సంబోధన బహువచనం, ముగింపు చేయవలసిన పని. దీన్ని నినాదప్రాయమని తోసిపుచ్చే విమర్శ, చదివే పాఠానికి పెట్టే కొలతతో వినే పాఠాన్ని కొలుస్తోంది.

4. అజ్ఞాతం నుంచి సభకు, సభ నుంచి అజ్ఞాతానికి:

1948 సెప్టెంబరు పోలీసుచర్య తరువాత దళాలు గోదావరి అడవుల్లోకి మళ్లాయి. పోరాటాన్ని కొనసాగించాలా, విరమించాలా అన్న వాదం పార్టీలో రహస్యపత్రాలుగా నడచింది. 1950 సెప్టెంబరులో అజయ్ ఘోష్, డాంగే, ఘాటే ప్రబోధ్ చంద్ర, ప్రభాకర్, పురుషోత్తం అనే మారుపేర్లతో రాసిన పత్రం ‘మూడు పీల పత్రం’గా ప్రసిద్ధికెక్కింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించబడింది. మరుసటి ఏడే రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి, టి.బి. విఠల్‌రావు ఖమ్మం నుంచి లోక్‌సభకు గెలిచారు. పుచ్చలపల్లి సుందరయ్య రాజ్యసభకు వెళ్లారు. హైదరాబాదు రాష్ట్రంలో పార్టీపై నిషేధం ఉన్నందున వారి పక్షం ప్రజాస్వామిక సంఘటన పేరిట పోటీచేసింది. అంటే ఆ ఎన్నికల్లో పార్టీయే ఒక మారుపేరుతో ఓటర్ల ముందుకు వచ్చింది.

రెండు దశాబ్దాలకు ఈ గమనం తిరగబడింది. 1957లో లోక్‌సభ సభ్యులైన తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు విప్లవమార్గం పట్టారు. నాగిరెడ్డి 1969లో శాసనసభ్యత్వాన్ని వదులుకొని, 1976లో అజ్ఞాతవాసంలో ఉండగానే మరణించారు. అయితే ఆయన ప్రధానరచన ‘తాకట్టులో భారతదేశం’ అనామకం కాదు. అది న్యాయస్థానంలో నిందితునిగా ఇచ్చిన వాంగ్మూలం. బోనులో నిలబడినవాడికి పేరు తప్పదు. బ్రిటిష్ సభ్యుడు సభలో పేరుతో మాట్లాడి, బయట పేరు లేకుండా రాశాడు. ఇక్కడి నాయకుడు బయట పేరు లేకుండా బ్రతికి, కోర్టులో పేరుతో మాట్లాడాడు. పేరు దాచడం అక్కడ ఒక వెసులుబాటు. ఇక్కడ అది ప్రాణానికి సంబంధించిన విషయం. 1948 ఆగస్టులో స్వంతపేరుతో రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు నడివీధిలో హత్యకు గురికావడం దీనికి సాక్ష్యం.

5. అనామకత్వపు మరో ముఖం:

పేరులేని రచనలన్నీ బలహీనుని ఆయుధాలని భావించడం పొరపాటు. 1892లో హైదరాబాదులో ఆంగ్లంలో వెలువడిన ఒక అనామక కరపత్రం, నిజాం ప్రభుత్వ ఉన్నతాధికారి మెహదీ హసన్‌ను పడగొట్టడానికి ఆయన భార్య ఎలెన్ శీలాన్ని లక్ష్యం చేసుకొన్నది. ముద్రించాడన్న ఆరోపణతో ఎస్.ఎం. మిత్రాపై నడచిన వ్యాజ్యం ఆయన విడుదలతో ముగిసింది. ఆ దంపతులు మాత్రం పోయిన ప్రతిష్ఠను తిరిగి పొందలేకపోయారు. ఇక్కడ పేరు లేకపోవడం రచయితను కాపాడి, పేరున్న స్త్రీని బజారుకీడ్చింది. కాబట్టి విలువ కట్టవలసినది అనామకత్వానికి కాదు. ఎవరు, ఎవరినుండి, దేనికోసం దాగారన్నదానికి.

6. కర్తను వెతకడంలోని అన్యాయం:

సుందరయ్య, రావి నారాయణరెడ్డి, దేవులపల్లి - ముగ్గురూ తరువాతి కాలంలో పోరాటచరిత్రను తమతమ పేర్లతో రాశారు. ముగ్గురి నిర్ధారణలూ ఒకటి కావు. ఈ గ్రంథాల వెలుగులో పాత అనామకపత్రాలను చదివి, శైలిని బట్టి ఫలానా నాయకుడిదని తేల్చే ధోరణి పరిశోధనలో ఉంది. దీనికి రెండు అభ్యంతరాలు ఉన్నాయి. సమష్టిగా చర్చించి ఖరారు చేసిన పాఠంలో వ్యక్తిశైలిని వెతకడం పద్ధతిపరంగా బలహీనం. అంతకన్నా ముఖ్యం, ఇటువంటి ఆపాదన నకలు రాసినవారిని, అక్షరాలు పేర్చినవారిని, ఏరు దాటించినవారిని, చదివి వినిపించినవారిని రెండోసారి అనామకులను చేస్తుంది.

ఈ నష్టం కోయల విషయంలో మరీ ఎక్కువ. గూడేలను ఖాళీచేయించి శిబిరాలకు తరలించిన సంగతి సుందరయ్య గ్రంథంలోనే నమోదైంది. కరపత్రం తెలుగులో ఉంది. దాన్ని కోయభాషలో చెప్పినవాడు లేకపోతే ఆ పిలుపు గూడెం చేరేది కాదు. ఆ అనువాదకుని మాట ఏ కాగితం మీదా లేదు. అనామకత్వాన్ని ఎంచుకున్నవారికీ, పేరు నమోదు కాకుండా పోయినవారికీ తేడా ఉంది. ఆ తేడాను చూపనంతకాలం మన చదువు సగమే.

7. ముగింపు:

1. కరపత్రాన్ని వినే పాఠంగా, ప్రత్యేక ప్రక్రియగా గుర్తించి, దానికి తగిన ప్రమాణాలతో విమర్శించాలి.

2. సంఘం పేరిట వచ్చిన పాఠాన్ని సంఘం పాఠంగానే సూచించాలి. కర్తృత్వ నిర్ణయానికి బాహ్యసాక్ష్యం తప్పనిసరి కావాలి. పోలీసు రికార్డులో ఉన్న పేరు సాక్ష్యం కాదు, ఆరోపణ మాత్రమే.

3. రచన, ముద్రణ, రవాణా, పఠనం, అనువాదం అనే ఐదు దశలనూ కలిపి పరిశీలించాలి. ముఖ్యంగా కోయగూడేల మౌఖికజ్ఞాపకాన్ని ఈ పత్రాల పక్కన చేర్చాలి.

బ్రిటిష్ కరపత్రాల కర్తలను రెండున్నర శతాబ్దాలుగా వెతుకుతూనే ఉన్నారు. అక్కడ ఆ వెతుకులాటకు అర్థముంది, దాగినవాడు అధికారంలో భాగస్వామి గనుక. గోదావరి ఒడ్డున అడగవలసిన మొదటి ప్రశ్న రాసినదెవరని కాదు. ఆ కాగితం ఎవరి చేతుల మీదుగా, ఏ భాషలోకి మారి, ఎవరి చెవిని చేరిందన్నది.