చిటికెడు వాముకే విలువ

కర్నూలు నల్లరేగడిలో పండే వాము గింజ ఘాటంతా దాని పైగీతల మధ్యనున్న సన్నటి నూనె గొట్టాల్లో ఉంటుంది. అందుకే జంతికల పిండిలో వేసేముందు అరచేతిలో నలుపుతారు. ఆ నూనెలో ముఖ్యమైనది థైమాల్. అది నీళ్లలో అంతగా కరగదు, నూనెలో ఇట్టే కరుగుతుంది. పిండి మీద కాగిన నూనె పోయడం, వాము అన్నానికి నేతిలో పోపు పెట్టడం ఈ గుణానికి అచ్చంగా సరిపోయాయి. థైమాల్ జీర్ణాశయ కండరాల బిగువును సడలిస్తుందని జంతువుల కణజాలం మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి శనగపిండి ఉబ్బరానికి వాము విరుగుడన్న నమ్మకాన్ని కొట్టిపారేయలేం.

పేచీ అంతా చిటికెడు మంచిదైతే చెంచాడు ఇంకా మంచిదనుకోవడంతోనే. పరగడుపున వాము నీళ్లు తాగితే పొట్ట కరుగుతుందని, షుగర్ దిగుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. వీటికి మనుషుల మీద పెద్ద ఎత్తున చేసిన గట్టి పరీక్షల దన్ను లేదు. పెద్దలు వందల ఏళ్లుగా వాడారు కదా అంటారు. వాడారు, కానీ పోపులో, పిండివంటలో, కడుపు బాగోలేని పూట మాత్రమే. లాభం రాదని కంపెనీలు మూలికల జోలికి పోవని ఇంకో మాట. వాము విషయంలో ఇది బొత్తిగా నిలవదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు థైమాల్ తీయడానికే మన వాము జర్మనీకి ఓడలెక్కేది. పేగుల్లో రక్తం పీల్చే కొంకిపురుగుకు అప్పట్లో థైమాలే పెద్ద మందు. 1909లో అమెరికాలో ఏర్పడిన రాక్‌ఫెల్లర్ శానిటరీ కమిషన్ దక్షిణ రాష్ట్రాల్లో దాన్నే పంచింది. గ్రాముల లెక్కన మింగించేవారు, పురుగులూ పడేవి. కానీ మందు వేసుకున్న రోజు నూనె, సారా ముట్టొద్దని గట్టిగా హెచ్చరించాల్సి వచ్చేది. అవి తోడైతే థైమాల్ ఒంటికెక్కి ప్రాణం మీదికి వచ్చేది. మెరుగైన మందులు రాగానే వైద్యులు దాన్ని పక్కనపెట్టారు. మొక్క నుంచి వచ్చింది కదా, ఏం చేస్తుందిలే అనేవాళ్లకు ఇంతకన్నా ఏం చెప్పాలి!

అలాగని జంతికలు చూసి జంకనక్కర్లేదు. గింజ బరువులో నూనె నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లే, చిటికెడులో ఉండేది మిల్లీగ్రాములే. పచారీ కొట్లో దొరికే వాము పువ్వు సంగతి వేరు, అది దాదాపు అచ్చమైన థైమాల్. కర్పూరం, పుదీనా పువ్వుతో కలిపితే మూడు గడ్డలూ నీరైపోతాయి. ఆ ద్రవాన్ని వాసన చూడటం వేరు, చుక్కల లెక్క తెలియకుండా తాగడం వేరు. గర్భిణులు, పసిపిల్లల విషయంలో వాము నీళ్లకైనా ముందు డాక్టరును అడగడమే మేలు.