వాక్యం, అన్వయం, ఋణం: ఓరుగల్లు పరిసర జిల్లాల క్రైస్తవ జీవితంలో బైబిలు బోధల వినియోగం - ఒక విమర్శ

'అన్వయం' అనే మాట తెలుగు పాఠకులకు రెండు దారుల్లో పరిచయం. పద్యపాఠం చెప్పే అధ్యాపకుడు ముందుగా పదాలను గద్యక్రమంలో నిలిపి, కర్త ఎవరో క్రియ ఏదో తేల్చి, ఆ తరువాతే తాత్పర్యానికి వస్తాడు. క్రైస్తవ ప్రసంగవేదిక మీద అదే మాటకు చదివిన వాక్యాన్ని మన బతుకుకు వర్తింపజేసుకోవడం అని అర్థం. మొదటి అన్వయం పూర్తికాకుండానే రెండవదానికి వెళ్లడం వల్ల బైబిలు బోధ నిత్యజీవితంలో ఏ రూపం తీసుకుంటున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు ఎంచుకున్న ప్రాంతం 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ నుండి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు.

ఈ ఎంపికకు కారణం ఉంది. జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథుని ఊరు. మడివాలు మాచయ్య వంటి శ్రమజీవులను భక్తికథలకు నాయకులుగా నిలిపిన బసవపురాణం ఆయన రచన. నిత్యవృత్తికీ భక్తికీ నడుమ గోడ ఉండరాదన్న ఆలోచన ఈ నేలకు మిషనరీలు తెచ్చిన కొత్త సరుకేమీ కాదు. అందుచేత క్రైస్తవబోధ ఇక్కడ నిత్యజీవితాన్ని ఎంతవరకు తాకిందన్న ప్రశ్నకు స్థానికమైన కొలబద్ద ఒకటి ముందే ఉన్నది.

వాగ్దాన వచనం: ప్రకరణం తెగిన వాక్యం

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే వేళ చాలా సంఘాలలో వాగ్దాన కార్డులు పంచుతారు, లేదా ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసుకుంటారు. ఆ ఏడాదంతా ఆ వచనం ఆ ఇంటి గోడమీద ఉంటుంది. యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం ఈ కార్డులకు అత్యంత ప్రీతిపాత్రమైనది. దేవుడు తమ విషయంలో సమాధానకరమైన ఉద్దేశాలే కలిగి ఉన్నాడనే భరోసా దానిలో ఉన్నది. విద్యార్థికి ఉద్యోగంగా, రోగికి ఆరోగ్యంగా, అప్పులవాడికి అప్పు తీరడంగా అది అర్థమవుతున్నది.

ఆ వచనం ఒక ఉత్తరంలోని వాక్యం. బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా యెరూషలేము నుండి రాసిన ఉత్తరమది. పదవ వచనంలో డెబ్బై ఏళ్ల గడువున్నది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దలలో చాలామంది ఆ వాగ్దానఫలం కళ్లజూడరు. ఐదు నుండి ఏడు వరకు గల వచనాలలో ఆజ్ఞలున్నాయి: ఇళ్లు కట్టుకోవాలి, తోటలు నాటాలి, తమను చెరపట్టిన పట్టణపు క్షేమాన్నే కోరాలి, దానికోసం ప్రార్థించాలి. ప్రకరణాన్ని అర్థనిర్ణయ సాధనాలలో ఒకటిగా మన శాబ్దికులూ ఆలంకారికులూ ఏనాడో అంగీకరించారు. కార్డు చేసే పని ఆ సాధనాన్ని తీసివేయడం. విధివాక్యాలు పక్కకు పోగా మిగిలేది ఫలశ్రుతి.

ఇందులో తెలుగు వ్యాకరణం పాత్ర కూడా కొంత ఉన్నది. పాత తెలుగు బైబిలు అనువాదంలో ఒక్కరిని 'నీవు' అనీ, పలువురిని 'మీరు' అనీ సంబోధించారు. దేవునికి సైతం 'నీవు' అనే వాడారు. ఆ 11వ వచనంలో ఉన్న 'మిమ్మును' బహువచనం. నేటి పాఠకుడికి 'మీరు' గౌరవవాచక ఏకవచనంగా కూడా వినిపిస్తుంది. ఒక జాతినంతటినీ ఉద్దేశించిన మాట ఒక్క వ్యక్తికి వచ్చిన ఉత్తరంగా మారడానికి ఈ సర్వనామం తోడ్పడుతున్నది. బైబిలు అనువాదాలపై పరిశోధనలలో పదజాలాన్ని గురించిన చర్చ విస్తారంగా ఉంటుంది. సర్వనామాలకు అంత శ్రద్ధ దక్కదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4:13 గతి కూడా ఇంతే. ఆకలినీ సమృద్ధినీ ఒకే విధంగా సహించడం నేర్చుకున్నానని పౌలు చెరసాలలో చెప్పిన సందర్భం పోయి, ఆ మాట పోటీపరీక్షల విజయమంత్రమైంది.

ఇంత మాత్రాన కార్డు పట్టుకొని ఏడ్చే స్త్రీని అజ్ఞానిగా చూడడం సరికాదు. ఆదరణ కోరుకోవడం దోషం కాదు. ఆదరణ పక్కనే ఉన్న ఆజ్ఞను బోధకుడు ఎందుకు దాటవేశాడన్నదే విమర్శకుడి ప్రశ్న.

'ఋణం' అనే మాట

ప్రభువు ప్రార్థన రెండు సువార్తలలో ఉన్నది. లూకాలో క్షమించవలసినవి 'పాపములు'. మత్తయి 6:12లో తెలుగు అనువాదకులు 'ఋణములు', 'ఋణస్థులు' అన్నారు. గ్రీకు మూలంలోని మాట అర్థం కూడా అప్పే. కథోలిక సంఘాల ప్రార్థనలో ఇంకా తేటగా 'అప్పులు' అనే ఉన్నది. అంటే ఈ మూడు జిల్లాల క్రైస్తవులు ఏ శాఖకు చెందినా తమ ముఖ్యమైన ప్రార్థనలో అప్పును పేరుపెట్టి పలుకుతున్నారు. ఆ మాట ఎదుట వ్యాఖ్యానం సాధారణంగా ఒక్క క్షణం కూడా ఆగదు. ఋణమంటే పాపమని చెప్పి ముందుకు సాగుతుంది.

ఈ నేలమీద అప్పు అలంకారం కాదు. తీసుకున్న అప్పుకు మనిషినే ఆసామి ఇంట కట్టిపడేసే భగేలా పద్ధతి ఇక్కడ ఎంతగా పాతుకుపోయిందంటే నిజాం ప్రభుత్వమే దాని నియంత్రణకు చట్టం చేయవలసివచ్చింది. వెట్టిని ఎదిరించిన కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు; ఆ ఊరు నేటి జనగామ జిల్లాలోనిది. 1997-98లో పాత వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యల వెనుక పురుగుమందుల దుకాణదారుడి అప్పు ఉన్నది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్న వార్తల నడుమ 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది.

ఇటువంటి చోట మత్తయి 18వ అధ్యాయంలోని క్షమించని దాసుని ఉపమానం ఎలా చదవాలి? రాజుకు అతడు బాకీపడినది పదివేల తలాంతులు. తలాంతు ఆరువేల దేనారాలు. దేనారం ఒక దినపు కూలి. లెక్క వేస్తే ఆరు కోట్ల దినాల కూలి. తోటి దాసుడు అతనికి ఇవ్వవలసినది వంద దినాల కూలి. మొదటి సంఖ్య నమ్మశక్యం కానిది, రెండవది పల్లెటూరి చిట్టీ పాటలో వినగలిగినది. కథ బలం ఈ రెండు సంఖ్యల తేడాలో ఉన్నది. గొంతు పట్టుకొని బాకీ అడిగే దృశ్యం పల్లెవాసికి వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది. అయినా ఈ పాఠం మీది ప్రసంగం మనసు నొప్పించినవారిని క్షమించడం దగ్గరే ముగుస్తుంది. సంఘంలో వడ్డీకి ఇచ్చేవారూ తీసుకునేవారూ పక్కపక్కనే కూర్చున్నప్పుడు ఈ మౌనానికి కారణం ఊహించడం కష్టం కాదు.

నెహెమ్యా గ్రంథానికి పట్టిన గతి మరింత విచిత్రం. మందిర నిర్మాణనిధి సేకరించే ప్రతిచోటా ప్రాకారం కట్టిన అధ్యాయాలు చదువుతారు. ఐదవ అధ్యాయంలో జనులు పొలాలు తాకట్టు పెట్టి, బిడ్డలను దాస్యానికి అప్పగించి మొరపెట్టుకుంటారు. నెహెమ్యా గోడపని నడుమనే అధికారులను నిలదీసి పొలాలూ వడ్డీ తిరిగి ఇప్పిస్తాడు. అది లేకుండా గోడ కథ ఒక గుత్తేదారు విజయగాథగా మిగులుతుంది.

డోర్నకల్: పిడికెడు బియ్యం

ఈ ధోరణికి భిన్నమైన అన్వయం ఇదే ప్రాంతంలో ఒకప్పుడు జరిగింది. తమిళదేశంలోని వెల్లాలన్‌విళైలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించుకున్న భారతీయ మిషనరీ సంఘం తరఫున 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న మరణించేవరకు డోర్నకల్‌లోనే ఉన్నాడు. ఆ ఊరు నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి కెథడ్రల్‌లో హిందూ, ముస్లిం శిల్పరీతుల కలయికను గురించి తరచు రాస్తుంటారు. మన చర్చకు దానికన్నా బియ్యపు కుండ ముఖ్యం.

అజరయ్య సంఘాలలో అధికులు భూమిలేని మాల, మాదిగ కూలీలు. వారి చేతిలో నగదు ఉండేది కాదు. వంట పెట్టేముందు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి వేరుగా ఉంచే అలవాటును ఆ సంఘాలలో ప్రోత్సహించారు. కోత పండుగనాడు ధాన్యం, కోళ్లు, కూరగాయలు దేవాలయానికి తెచ్చేవారు. ప్రథమఫలాల బోధ ఇక్కడ కుండలోకి దిగింది, అదీ రోజూ. ఎవరి దయమీదనో బతికేవాడిగా లోకం లెక్కగట్టిన మనిషి తానే ఇచ్చేవాడయ్యాడు. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ప్రథమఫలం తెచ్చినవాడు తన పూర్వులు ఐగుప్తులో దాస్యం చేసిన సంగతి నోట పలకాలి. ఆ తరువాత పరదేశితో కలిసి సంతోషించాలి. డోర్నకల్ పల్లెలో ఆ పాఠం చదివినప్పుడు ఐగుప్తు ఎక్కడో దూరదేశంగా తోచి ఉండదు.

అజరయ్యను ఆరాధనతో విడిచిపెట్టడం మాత్రం విమర్శ అనిపించుకోదు. పల్లెను పీడించే నాలుగు దయ్యాలుగా ఆయన మురికినీ, రోగాన్నీ, అప్పునూ, తాగుడునూ పేర్కొన్నాడు. బోధను సబ్బు, నీరు, సారాకుండ దాకా తీసుకువెళ్లిన పట్టిక ఇది. ఆ విధంగా నేటి కార్డుకన్నా ఎంతో ముందున్నది. కానీ ఈ నాలుగూ పేదవాడి గుడిసెలోనే ఉన్నాయి. అప్పు దయ్యమైంది, అప్పిచ్చినవాడు పట్టికలోకి రాలేదు. మురికి ఉన్నది, ఊరబావి నుండి మాలమాదిగలను దూరంగా ఉంచిన కట్టుబాటు లేదు. దొర లేడు. ఆయన మరణించిన మరుసటి ఏడాది కడవెండిలో తుపాకి పేలింది. బైబిలు అన్వయం వ్యక్తి నడవడికను దిద్దడంలో ఎంత సూక్ష్మంగా ఉండగలదో, ఆ నడవడికను నిర్ణయించే అధికారం ఎదుట ఎంత తటపటాయించగలదో ఈ ఒక్క పట్టిక చూపుతుంది.

కోత పండుగ నేటికీ ఉన్నది. తెచ్చిన గుమ్మడికాయలకూ కోళ్లకూ ఆరాధన తరువాత వేలం పాడతారు; పాట ఎక్కువ పాడినవాడి పేరు మైకులో వినిపిస్తుంది. పిడికెడు బియ్యానికి మైకు అవసరం ఉండేది కాదు. ఇక్కడే మరొక మాట. రూతు గ్రంథంలో 'పరిగె' అనే అచ్చతెలుగు మాట అనువాదకులకు సిద్ధంగా దొరికింది, ఎందుకంటే ఆ పని ఇక్కడి స్త్రీలకు తెలుసు. చేను అంచులను పేదలకు విడవాలన్న లేవీయకాండపు ఆజ్ఞకు అది ఆనవాలు. వరికోత యంత్రాలు వచ్చాక పరిగె ఏరే స్త్రీ పొలంలో లేదు. రూతు మీది ప్రసంగాలు ఆమెను ఆదర్శ కోడలిగా చూపడంతో సరిపెట్టుకుంటున్నాయి.

ధ్రువపత్రంలో పేరు

1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందూమతస్థులకే ఎస్సీ హోదా ఇచ్చింది. తరువాత 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ విస్తరించింది. క్రైస్తవుడైన మాదిగకు మన రాష్ట్రంలో బీసీ-సీ, అక్కడ ఒక్క శాతం రిజర్వేషను. షెడ్యూల్డు తెగల హోదాకు ఇటువంటి మతనిబంధన లేదు కనుక మహబూబాబాద్ తండాలోని లంబాడీ క్రైస్తవుడికి ఈ చిక్కు లేదు. ఒకే బల్లమీద కూర్చున్న ఇద్దరికి రెండు న్యాయాలు. ఫలితంగా సంఘపు రిజిస్టరులో ఒక పేరు, బడి రికార్డులో మరొక పేరు గల మనుషులు పుట్టారు.

మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్లుండాలని చెప్పే కొండమీది ప్రసంగాన్ని ఈ మనిషికి ఎలా అన్వయించాలి? అతడు అబద్ధికుడని తీర్పు చెప్పడం సులభం. కులం మతంతోపాటు మారిపోతుందని ఉత్తర్వు చెప్పే మాట సత్యమా అన్న ప్రశ్న అంతకన్నా కష్టం. మతం మారినా అతని వాడ మారలేదు, అతనికి పిల్లనిచ్చే ఇల్లు మారలేదు. సత్యవాక్యపు ఆజ్ఞను బలహీనుడి మీదికే గురిపెట్టి రాజ్యాన్ని వదిలేసే వ్యాఖ్యానం అజరయ్య పట్టికలోని లోపాన్నే మళ్లీ చేస్తున్నది. తెలుగు దళిత కథకులకు ఈ రెండు పేర్ల బతుకు ఎరుకే. ప్రసంగ సాహిత్యంలో అది దాదాపు కనిపించదు.

గనిలో ఆదివారం

భూపాలపల్లి కేటీకే గనుల కార్మికుడికి ఆదివారం రెట్టింపు వేతనం దొరికే పనిదినం. షిఫ్టులు వారంవారం మారుతుంటే ఆరాధన వేళకు గనిలో ఉన్నవాడు తనను తాను సగం విశ్వాసిగా భావించుకుంటాడు. విశ్రాంతిదిన ఆజ్ఞకు బైబిలులో రెండు పాఠాలున్నాయి. నిర్గమకాండం సృష్టిని కారణంగా చెబుతుంది. ద్వితీయోపదేశకాండం ఐగుప్తు దాస్యాన్ని గుర్తుచేసి దాసుడూ దాసీ నీవలె విశ్రమించాలంటుంది. మొదటి పాఠం తీసుకుంటే ప్రశ్న హాజరు గురించినది: నీవు గుడికి వచ్చావా? రెండవ పాఠం తీసుకుంటే ప్రశ్న మారుతుంది: నీ కింద పనిచేసే కాంట్రాక్టు కూలీకి విశ్రాంతి దొరికిందా, దొరికినరోజు అతని కూలి మిగిలిందా? పర్మినెంటు కార్మికుడూ కాంట్రాక్టు కార్మికుడూ ఒకే సంఘంలో ఉన్న భూపాలపల్లిలో రెండవ పాఠం చదవడానికి ధైర్యం కావాలి.

ఈ దిశలో పరిశోధించదలచినవారికి ముద్రిత ప్రసంగాలు చాలవు. ఏడాదివారీగా వాగ్దాన కార్డులూ, పల్లె సంఘాల కానుకల పుస్తకాలూ, కోత పండుగ వేలం పద్దులూ సేకరించాలి. ఏ వచనం ఏ ఏడు ఎన్ని గోడలకెక్కిందో, ఆ ఏడు ఎవరు ఎంత ధాన్యం తెచ్చారో పక్కపక్కన పెట్టి చూసే పని ఈ జిల్లాల విషయంలో ఎవరైనా చేపట్టవచ్చు. పద్దు పుస్తకాలు చెదలు పట్టకముందే చేపట్టాలి.