వల కన్ను

ఎండ ఇంకా ముదరలేదు. చెరువు కట్ట మీద వేపచెట్టు కింద మత్స్యశాఖ వాళ్లు బల్ల వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా పాతికమంది దాకా కుర్రవాళ్లు, వాళ్ల మధ్య కొందరు నడివయసు వాళ్లు. భుజాన వల, నడుముకు తువ్వాల. తెలంగాణలో మత్స్య పారిశ్రామిక సహకార సంఘంలో, ఊరి మాటలో చెప్పాలంటే చేపల సొసైటీలో, కొత్తగా చేరాలంటే నైపుణ్య పరీక్షకు నిలబడాలి. వల అల్లి చూపాలి, వల విసరాలి, ఈత కొట్టాలి. దేవరకొండకు కొద్ది దూరంలో ఒక ఊరి చెరువు దగ్గర ఈ పరీక్ష జరుగుతుంటే ఒక పూటంతా చూశాను. చేతిపని చూపించి లోపలికి అడుగుపెట్టే సంఘాలు మనకు ఎన్ని మిగిలాయి?

వల విసరడం చూడ్డానికే జనం కట్ట ఎక్కారు. నేనూ అందుకే వెళ్లాను. అక్కడ ఒక ముసలాయన, నలభై ఏళ్లుగా సొసైటీ సభ్యుడట, నా చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి లాగాడు. "ఇసురుడు ఎవలన్న ఇసురుతరు బిడ్డా. అల్లుడు జూడు. కన్ను జూడు" అన్నాడు.

కన్ను అంటే వలలో నాలుగు ముడుల మధ్య ఉండే ఖాళీ. ఇన్నాళ్లూ వల అంటే దారం అనుకున్నాను. ఆయన పక్కన కూర్చున్నాక తెలిసింది, దారం కన్నా ఖాళీదే పెద్ద పని అని.

మన భాషలో చేపలు పట్టడం కూడా వేటే. అడవి వేటా ఈ ప్రాంతానికి పాతదే. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వల్ల వచ్చింది. ఆయనకు పులివేట అంటే ప్రాణం. అమ్రాబాద్ గుట్టల మీద ఫరాహాబాద్‌లో నిజాంల వేట బంగ్లా ఉండేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, తుపాకి వేట కాలం చెల్లింది. ఆ గుట్టలు ఇప్పుడు పులుల అభయారణ్యం. ఈ ప్రాంతంలో ఊరూరా పగటి వెలుతురులో అందరి ముందూ సాగే వేట ఇక నీళ్లలోదే. కందూరు చోడుల నాటి పానగల్లు ఉదయసముద్రం మొదలు 1943లో పూర్తయిన డిండి జలాశయం దాకా, వాటి మధ్య లెక్కకు మించిన ఊరి చెరువులూ కుంటలూ ఈ వేటకు అడవులు. ముదిరాజులు, గంగపుత్రులు, బెస్తలు వీటి మీద బతుకుతారు. చెరువు సొసైటీ పేరున ఉంటుంది, వల మాత్రం ఎవరిది వాళ్లదే.

ముసలాయన చేతిలో వెదురుతో చెక్కిన అల్లిక పుల్ల ఉంది. జానెడు పొడవు, ముందు మొన, నడుమ దారం చుట్టుకునే నాలుక. ఎడమచేతిలో ఒక బద్ద. ఆ బద్ద వెడల్పే వలకు కొలమానం. అంగుళం వెడల్పు బద్ద మీద అల్లితే, లాగి పట్టినప్పుడు ముడి నుంచి ముడికి రెండు అంగుళాల కన్ను వస్తుంది. ఊళ్లో దాన్ని అంగుళాల్లో చెప్పరు. వేళ్లలో చెప్తారు. కంట్లో ఎన్ని వేళ్లు పడతాయన్నదే లెక్క.

పని ఇలా సాగుతుంది. పుల్లను పై వరస కంట్లోకి కింది నుంచి దూర్చి, దారాన్ని బద్ద చుట్టూ లాగుతాడు. పై కన్ను అంచు బద్దకు తగిలేదాకా లాగి, బొటనవేలితో అదిమి పడతాడు. మిగిలిన దారాన్ని ఎడమవైపు ఒక గాలి చుట్టుగా విసిరి, పుల్లను పై కంటి రెండు పోగుల వెనక నుంచి తిప్పి, ఆ చుట్టులోంచి బయటికి తీసి లాగుతాడు. టిక్కుమని ఒక చిన్న చప్పుడు. ముడి పడ్డట్టు. నూలు దారమైతే అంతే. నైలాన్ జారుతుంది కాబట్టి ఇంకో చుట్టు వేయాలి. ఆ రెండో చుట్టు వేసేటప్పుడు ఆయన చూపు చేతి మీద లేదు, నా మొహం మీద ఉంది. మాట్లాడుతూనే ఉన్నాడు, ముడులు పడుతూనే ఉన్నాయి. బొటనవేలి గోరు పక్కన దారం కోసిన గీత ఉంది, బండ మీద బొక్కెన తాడు దిగిన గాడిలాగా.

విసురు వల నెత్తి దగ్గర సన్నగా మొదలై అంచుకు వచ్చేసరికి గొడుగులా విచ్చుకోవాలి. వరస వరసకీ కన్నులు పెరగాలి. కొన్ని కన్నులకొకసారి ఒకే చోట రెండు కన్నులు వేస్తారు. ఈ అదనపు కన్ను ఎక్కడ పడాలన్నది కాగితం మీద లేదు, చేతిలో ఉంది. ఒక వైపు ఎక్కువ పడితే వల గాలిలో వంకరగా విచ్చుకుంటుంది, నీళ్ల మీద చంద్రవంకలా పడుతుంది, చేప ఆ సందులోంచి జారుకుంటుంది. ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేసి చూశాను. తొమ్మిది అడుగుల వల, రెండు అంగుళాల కన్ను అనుకుంటే సుమారు 108 వరసలు. నెత్తి దగ్గర 60 కన్నులతో మొదలై అంచున 340 దాకా పోతే సగటున వరసకు 200. అంటే 21,600 ముడులు. అన్నీ ఒక్క కొలతే. ఒక్కటి వదులైతే పక్క కన్ను సాగుతుంది, సాగిన కంట్లోంచి పోయిన చేప వెనక్కి రాదు.

అంచున సీసం గుళ్లు కుడతారు. ఆ అంచును లోపలికి మడిచి అక్కడక్కడ దారంతో పైకి కట్టేస్తే చుట్టూ చిన్న చిన్న సంచులు ఏర్పడతాయి. వల మీద పడగానే చేప పైకి రాదు, పక్కకు పరిగెత్తి అంచుకు తగిలి ఆ సంచిలోకి దూరుతుంది. అందుకే వలను నిదానంగా లాగాలి. గుళ్లు అడుగున బురదను రాసుకుంటూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. తొందరపడితే అంచు లేస్తుంది. ఆ ఉదయం పరీక్షలో ఒకరిద్దరి వలలు గుండ్రంగానే పడ్డాయి, ఖాళీగానే వచ్చాయి. తొందరపడ్డారు. మళ్లీ విసరమన్నారు.

ఇప్పుడు వల అంతా చేత్తో అల్లేవాళ్లు తక్కువయ్యారు, నిజమే. మిషన్ మీద నేసిన వల దుకాణంలో దొరుకుతుంది, తెచ్చుకుని గుళ్లు కట్టుకుంటారు. కానీ చిరిగినప్పుడు బాగుచేయాల్సింది చెయ్యే. ఆ రోజు నేను చూసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. తుమ్మకంపకు తగిలి చెయ్యి పట్టేంత చిరుగు పడిన వలను ఆయన ముందు ఇంకాస్త కోశాడు. నేను ఉలిక్కిపడ్డాను. తెగిన ముడి ప్రతిదాన్నీ చూసి వేలాడే పోగులు కత్తిరించాడు. చివరికి చిరుగు చుట్టూ ప్రతి ముడికీ రెండేసి పోగులు మిగిలాయి. రెండు చోట్ల మాత్రం మూడేసి. పైనున్న మూడు పోగుల ముడి దగ్గర మొదలుపెడితే దారం తెంపకుండా ఎడమకీ కుడికీ నడుచుకుంటూ వచ్చి కిందనున్న మూడు పోగుల ముడి దగ్గర ముగుస్తుంది. ఆ రెండు చోట్లు సరిగా చూసుకోకుండా మొదలుపెట్టిన వాడికి మధ్యలో ఒక కన్ను ఎక్కువో తక్కువో అవుతుంది. పావుగంట తర్వాత చిరుగు ఎక్కడుందో నేను వెతుక్కోవాల్సి వచ్చింది. కొత్త దారం తెల్లగా ఉంది కాబట్టి కనపడింది.

కన్ను ఇంత కచ్చితంగా ఎందుకు? చెరువులో వదిలే చేపల సంగతి తెలిస్తే అర్థమవుతుంది. బొచ్చె, రవ్వు, మ్రిగాల నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి వరద పారుతుండాలి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి హార్మోన్ ఎక్కించి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించాకే పిల్లల్ని పెంచి చెరువుల్లో వదలడం సులువైంది. అందుకే ఆ తేదీని దేశమంతా చేపల రైతుల దినంగా జరుపుకుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2016-17 నుంచి సొసైటీల చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలిస్తోంది. ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఎప్పుడూ నీళ్లుండే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు. చిటికెన వేలంత పిల్ల నీళ్లలో పడింది, ఎండాకాలానికి అమ్ముడయ్యే చేప కావాలి. మధ్యలో దాన్ని కాపాడేది కన్ను. రెండు వేళ్ల కంట్లోంచి ఆ పిల్ల ఈదుకుంటూ పోతుంది.

నిలువుగా కట్టే వలలో ఈ లెక్క ఇంకా సూక్ష్మం. చేప తల కంట్లో దూరుతుంది, ఒళ్లు దూరదు, వెనక్కి లాగితే మొప్పలు తగులుకుంటాయి. చిన్న చేప దాటిపోతుంది. మరీ పెద్దదానికి తలే దూరదు. అంటే ఒక్క కొలత వల ఒక్క ఈడు చేపనే పడుతుంది. కన్ను ఎంత పాళ్లలో పెరిగితే చిక్కే చేప పొడవూ అంతే పాళ్లలో పెరుగుతుందని రష్యా శాస్త్రవేత్త బరనోవ్ గణితంతో చూపాడు. ఫ్రాన్సిస్ డే 1873లో భారతదేశపు మంచినీటి చేపల మీద నివేదిక రాసినప్పుడే సన్న కన్ను వలలు పిల్లల్ని ఊడ్చేస్తున్నాయని మొత్తుకున్నాడు. 1897 చేపల చట్టం విషమూ మందుగుండూ పెట్టి పట్టడాన్ని నేరంగా మార్చింది, వలల కొలతల మీద నియమాలు పెట్టే వీలిచ్చింది. చట్టం మంచిదే. కానీ చెరువు దగ్గర పోలీసు నిలబడడు, బద్ద పట్టుకున్న చెయ్యి ఉంటుంది. బద్ద సన్నం చేస్తే ఈ రోజు ఎక్కువ చేపలు పడతాయని ఆ చేతికి తెలుసు. తెలిసీ అంగుళం దగ్గరే నిలబడింది. నాకు ఆ పనితనం మీద గౌరవం పుట్టింది అక్కడే.

దీనికి పూర్తిగా అడ్డం తిరిగిన పని శ్రీశైలం జలాశయం వెనక నీళ్లలో, కొల్లాపూర్, సోమశిల వైపు ఏటేటా కనిపిస్తోంది. అలివి వల అంటారు. దోమతెరలాంటి సన్న కన్ను, చాలా పొడవు, గట్టు వెంట లాగుకుంటూ పోతే వేలెడు పిల్ల కూడా మిగలదు. ఆ పిల్లల్ని ఎండబెట్టి అమ్ముతారు. నిషేధం ఉంది, అధికారులు పట్టుకుని కాల్చేసిన వలలూ ఉన్నాయి. అయినా మళ్లీ వస్తున్నాయి. పుట్టి మీద పోయి చేత్తో వల వేసుకునే అక్కడి మత్స్యకారులు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నారో! రేపటి చేపను ఈ రోజే ఎండబెట్టడం చూస్తూ ఊరుకోవడం వాళ్ల వల్ల కాదు. నా వల్లా కాదు.

ఊరి చెరువుల్లో కాపలాకు ఒక పాత ఉపాయం ఉంది. తుమ్మకంపలు నరికి నీళ్లలో అక్కడక్కడ గుచ్చుతారు. రాత్రిపూట దొంగవల లాగేవాడికి కంప తగిలి వల పీలికలవుతుంది. కంప చుట్టూ చేపపిల్లలు నీడలో తిరుగుతాయి. సొసైటీ వాళ్లకు ఏ కంప ఎక్కడుందో తెలుసు, వాళ్ల వల దాని పక్క నుంచి తప్పుకుపోతుంది. ముసలాయన వలకు పడిన చిరుగు మాత్రం ఏదో కొత్త కంపదే. ఎవరు గుచ్చారో తెలియదని విసుక్కున్నాడు.

నేను రెండోసారి వెళ్లింది మిరుగం, అంటే మృగశిర కార్తె, దాటి మూడు వారాలకు. మిరుగం నాడు ఇంటింటా చేప తినే ఆచారం మనది, అందుకని ఆ రోజుకు ముందే చెరువు సగం ఖాళీ అవుతుంది. రెండు మంచి వానలు పడ్డాయి. నీళ్లు ఎర్రగా తుంగ మొదళ్ల దాకా వచ్చాయి. ముసలాయన వల భుజాన మడిచి వేసుకుని, కొంత మోచేతి మీద, కొంత పళ్ల మధ్య పట్టుకుని, తాడు ముంజేతికి చుట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడు. ఒళ్లు సగం తిప్పాడు. తిప్పి ఆగాడు. ముందుకు వంగి చూశాడు.

తుంగ పక్కన నీళ్ల మీద ఎర్రటి మచ్చ ఒకటి కదులుతోంది. దోసెడంత. కుంకుమ కలిపినట్టు. దగ్గరికెళ్తే అది వందల చేపపిల్లల గుంపు. కొర్రమట్ట పిల్లలు. తెలంగాణ రాష్ట్ర చేప అని మనం గర్వంగా చెప్పుకునే కొర్రమీనునే మా వైపు కొర్రమట్ట అంటారు. బొచ్చెలాగా కాదు, ఇది చెరువులోనే గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. ఆడదీ మగదీ కిందే కాపలా ఉంటాయి, గాలి పీల్చుకోవడానికి మాత్రం పైకి వస్తుంటాయి. అందుకే వాటిని పట్టడం తేలిక. ఎర్ర మచ్చ కనపడితే చాలు, దాని మీద వల విసిరితే కిలోకు తక్కువ కాని రెండు చేపలు ఖాయం. అంగట్లో కొర్రమట్ట ధర ఎంతో అందరికీ తెలిసిందే. తల్లిదండ్రులు పోయాక ఆ మచ్చ సాయంత్రానికి ఉండదు, చుట్టూ ఉన్న చేపలే తినేస్తాయి.

ముసలాయన పళ్ల మధ్యున్న వల అంచు వదిలాడు. "పిల్లల తల్లి" అన్నాడు, నాతో కాదు. వల ఒడ్డున పెట్టి, కట్ట కింద పడున్న తుమ్మకంపను ముళ్లు గుచ్చుకోకుండా మొదలు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఎర్ర మచ్చకు బారెడు దూరంలో కంపను బురదలోకి దించి, కాలితో తొక్కి, ఊగుతుందేమోనని ఒకసారి కదిలించి చూశాడు. తర్వాత వల భుజాన వేసుకుని మత్తడి వైపు నడిచాడు.